తూచకుండా రాసిన బరువు

ఏలూరులో ఒక ప్రైవేటు పెంపుడు జంతువుల క్లినిక్‌లో సహాయకురాలిగా నేను చేరింది ఆరేళ్ల కిందట, జూన్ మొదటి వారంలో. డిగ్రీలో జువాలజీ చదివాను. మిగతా పనంతా అక్కడే నేర్చుకున్నాను. నాలుగున్నరేళ్లు చేసి, పాప కడుపులో పడ్డాక మానేశాను. ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఉంటున్నాం. ఈ సంగతి నేను చేరిన మూడో నెలలో జరిగింది. అప్పటికి నన్ను ఇంకా పర్మనెంట్ చేయలేదు.

కుక్క ఏ పని మీద వచ్చినా డాక్టరుగారి గదిలోకి పంపేముందు మూడు పనులు నావి. తూకం వేయాలి, జ్వరం చూడాలి, చిగుళ్ల రంగు చూడాలి. మూడూ దాని కార్డు మీద గడుల్లో రాయాలి. మందు మోతాదు బరువును బట్టే ఉంటుంది కాబట్టి మొదటి గడి బరువుది.

జైనబ్బీగారు ముప్పై ఏళ్లు తివాచీ మగ్గం మీద కూర్చుని ఉన్ని ముడులు వేసిన మనిషి. చూపు తగ్గి మానేశారు. ఆవిడ కొడుకు ఆటో నడుపుతాడు. వట్లూరులో ఒక కుటుంబం బదిలీ మీద వెళ్తూ వదిలేసిన షిట్జు కుక్కను అతనే తెచ్చాడు. పేరు చిన్ని. ఇంట్లో నమాజు చేసుకునే చోట కుక్క తిరగకూడదని దాన్ని వెనక పాత మగ్గం కొట్టులో ఉంచారు. ఆవిడ కూడా పగలంతా అక్కడే ఉండేవారు.

షిట్జు బొచ్చు మన జుట్టులాగే ఆగకుండా పెరుగుతుంది. రోజూ దువ్వకపోతే ఉండలు కట్టి చర్మం పుండు పడుతుంది. వాళ్లిల్లు నేను క్లినిక్‌కి వచ్చే దారిలోనే, రోజూ చూసేదాన్ని. చిన్ని ఒంటి మీద ఒక్క ఉండ ఉండేది కాదు.

“మా కోడలు తన జడ వారానికోసారి దువ్వుకుంటుందమ్మా. దీనికి రోజుకి మూడుసార్లు కావాలి, మహారాణీకి” అనేవారు. పక్కనున్న కోడలు నవ్వి, “మీరు నాకెప్పుడైనా దువ్వారా అత్తయ్యా?” అనేది.

ఆగస్టులో ఒక శనివారం నట్టల మందు కోసం తెచ్చారు. ఆ రోజు జనం ఎక్కువ. తూకం పలక మీద ఎవరిదో పెద్ద కుక్క పడుకుని లేవనంటోంది. నేను చిన్నిని జైనబ్బీగారి ఒళ్లోనే ఉంచి జ్వరం చూశాను, చిగుళ్లు చూశాను.

“ఎందుకో చేతికి తేలిగ్గా తగుల్తోందమ్మాయ్. కాస్త చూడు” అన్నారావిడ.

చూశాను. తెల్లగా, గుండ్రంగా, దూది మూటలా ఉంది. “బొద్దుగానే ఉంది కదండీ” అన్నాను.

“ఏమో తల్లీ, నాకు కళ్లు సరిగ్గా కనపడవు.”

కార్డు మీద కిందటేడాది బరువు ఆరు కిలోల రెండొందలు అని ఉంది. దాని కింద గడిలో అదే రాశాను. డాక్టరుగారు కార్డు చూసి మాత్ర రాసిచ్చారు. వాళ్లు వెళ్లిపోయారు.

ఐదు వారాల తర్వాత చిన్నిని తువ్వాలులో చుట్టి తెచ్చారు. రెండు రోజులుగా వాంతులు, తిండి లేదు. ఈసారి తూచాను. నాలుగు కిలోలు. డాక్టరుగారు రెండు అంకెలనూ మార్చి మార్చి చూశారు.

“ఐదు వారాల్లో రెండు కిలోలా? ఇది ఉన్నట్టుండి వచ్చిందే. కొల్లేరు వైపు ఎక్కడికైనా తీసుకెళ్లారాండీ?”

తీసుకెళ్లారట. పది రోజుల కిందట చెల్లెలి ఊరికి, చేపల చెరువుల పక్కకి. రక్తపరీక్షలో మూత్రపిండాలు దెబ్బతిన్నాయని తేలింది. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల వచ్చే జ్వరం ఒకటి ఉంది, లెప్టో అంటాం. ఇన్ని రోజుల్లో ఇంత పాడుచేసేది అదేనని ఆయన అనుకున్నారు. అది మనుషులకీ అంటుతుంది. అందుకని చిన్నిని వెనక గదిలో విడిగా బోనులో పెట్టించి సెలైన్ ఎక్కించారు. పరీక్ష ఫలితం వచ్చేదాకా చేతి తొడుగులు లేకుండా ఎవరూ ముట్టుకోకూడదు. ఇంటివాళ్లు లోపలికి రాకూడదు.

జైనబ్బీగారు మూడు రోజులు వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. దువ్వెన సంచిలోనే ఉంది. నేను బయటికి వచ్చినప్పుడల్లా, “దువ్వారామ్మా?” అని అడిగేవారు. లేదండీ అనేదాన్ని. తొడుగుల చేత్తో పట్టుకుంటే బొచ్చు కింద పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కకి దొరుకుతున్నాయి. అది ఐదు వారాల బక్కతనం కాదని నాకు మొదటి రోజే తెలిసింది. ఉద్యోగం పోతుందని మాట్లాడలేదు.

మూడో రోజు సాయంత్రం చెప్పాను. ఆగస్టులో తూచలేదని, పాత బరువే దింపానని.

డాక్టరుగారు కేకలు వేయలేదు. అంటువ్యాధి అనుమానంతో అప్పటిదాకా స్కానింగ్ బల్ల మీదికి తీసుకెళ్లలేదు. ఇప్పుడు తీసుకెళ్లారు. రెండు మూత్రపిండాలూ కుంచించుకుపోయి ఉన్నాయి. నెలల తరబడి సాగిన జబ్బు అది, లెప్టో కాదు. “ఆగస్టులోనే తెలిసినా నయం కాదు. తిండి మార్చి కొన్నాళ్లు నెట్టుకొచ్చేవాళ్లం” అన్నారు. చేతి తొడుగులు తీసేస్తూ, “మొదటి రోజే చెప్పి ఉంటే దాన్ని బోనులో పెట్టేవాణ్ణి కాదు” అన్నారు.

జైనబ్బీగారిని లోపలికి పిలిచి నేనే చెప్పాను. ఆవిడ చిన్నిని ఒళ్లోకి తీసుకుని, మూడు రోజుల్లో కట్టిన ఉండలు వేళ్లతో విడదీస్తూ విన్నారు.

“నేను చెప్పానుగా తల్లీ, తేలిగ్గా ఉందని” అన్నారు. తిట్టి ఉంటే బాగుండేదని చాలా రోజులు అనుకున్నాను.

ఆటోలో ఇంటికి తీసుకెళ్లారు. మర్నాడు తెల్లవారేసరికి మగ్గం కొట్టులోనే చనిపోయిందని కొడుకు వచ్చి చెప్పాడు. కార్డు తిరిగి ఇవ్వాలా అని అడిగాడు. అక్కర్లేదన్నాను.

నా ఉద్యోగం పోలేదు. ఆ తర్వాత ఏ కుక్కనీ పలక ఎక్కించకుండా, బొచ్చు కిందికి చెయ్యి పోనిచ్చి పక్కటెముకలు తడమకుండా లోపలికి పంపలేదు. తెచ్చినవాళ్లు అన్న మాటను వాళ్ల మాటల్లోనే కార్డు పైన రాసేదాన్ని.

ఇప్పుడు మా పాపకి పది నెలలు. ఎత్తుకున్నప్పుడు తేలిగ్గా అనిపిస్తే తూయిస్తాను. “మొన్ననేగా తూచింది, ఏం చాదస్తమమ్మా” అంటారు అత్తగారు. చాదస్తమే కావచ్చు.

ఆ పనిలో చేరేవాళ్లకి నేను చెప్పగలిగింది ఒక్కటే. తూచడం కుదరకపోతే గడి ఖాళీగా వదిలేయండి. ఖాళీ గడి చూస్తే డాక్టరు అడుగుతారు. నింపిన గడి గురించి ఎవరూ అడగరు.