అమ్మ తిప్పిన ఆకు

దయ్యం పట్టిందని ఎవరైనా వేపమండలు తెస్తే, వాటిని లాక్కొని మేకకు వేసి వచ్చిన వాణ్ణి నేను. ధర్మవరంలో మా వీధి వాళ్ళను ఎవరిని అడిగినా చెప్తారు. మూడో తరగతితోనే బడి మానేసినా, లైబ్రరీలో కూర్చొని నాకు నేనే చదువుకున్నాను. దయ్యాలు, మహిమలు, చేతబడులు అంటే చాలు, పోట్లాటకు దిగేవాణ్ణి. అట్లాంటి వాణ్ణి ఇది రాస్తున్నానంటే నవ్వేవాళ్ళు నవ్వుకోండి. జరిగింది జరిగినట్టు చెప్తాను.

పోయిన ఎండాకాలం మా అక్క రామక్క లేపాక్షి చూడాలని పట్టుబట్టింది. "యాడాడి వాళ్ళో వచ్చి చూసి పోతాండారు. పక్కనుండి మనం చూడకుండానే పోతామేమో రా" అని ఒకటే గొడవ.

నేను కావాలనే ఎప్పుడూ పోలేదు. మేము నేతగాళ్ళం. ధర్మవరం చీరల అంచులన్నీ లేపాక్షి రాళ్ళ మీద నుంచి దించుకున్నవేనని ఊరంతా అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మా నాయన నేసిన తీగ అంచు ఆయన తలలో పుట్టింది. ఇంట్లో బండల మీద సుద్దముక్కతో గీసుకున్నాడు. లేపాక్షి గడప తొక్కకుండానే పోయినాడు. "నేను ఎవరిదీ చూసి నేయలేదు" అని చివరిదాకా చెప్పినాడు. అబద్ధమాడే మనిషి కాదు.

ఆ అంచుతో నేసిన చీర ఒకటి అక్క పెట్టెలో ఉండాది. దాని సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

అప్పట్లో మా మగ్గానికి ఇప్పటి మాదిరి బొమ్మకు దారాలు ఎత్తే అట్టల మిషను లేదు. నాయన గుంట మగ్గంలో కూర్చొని నేస్తాంటే, అమ్మ పక్కన నిలబడి బొమ్మకు తగ్గట్టు దారాల కట్టలు ఒకదాని తర్వాత ఒకటి లాగేది. నిండు నెలల్లోనూ లాగింది. ఒక పొద్దున లాగుతూ లాగుతూ నొప్పులొచ్చి, గట్టిగా అరిచి, కట్టలు వెనకాముందుగా లాగేసింది. తీగలో ఆకులన్నీ ముందుకు చూస్తాంటే ఆ ఒక్క ఆకు వెనక్కి తిరిగి పడింది. ఆ మధ్యాహ్నమే నేను పుట్టినాను. ఆ అరుపు అక్కకు ఇప్పటికీ గుర్తుండాది. అప్పటికే ఊహ తెలిసిన పిల్ల.

తప్పు పడిందని సావుకారు చీర తీసుకోలేదు. నాయన దాన్ని అమ్మకే ఇచ్చినాడు. అమ్మ ప్రతి ఉగాదికీ దాన్ని తీసి, ఆ ఆకు పక్కన చిటికెడు పసుపు అద్దేది. అద్దీ అద్దీ ఆడ రూపాయి బిళ్ళంత మరక ఏర్పడింది. అమ్మ పోయినాక అక్క అద్దుతాండాది. మొన్నటి ఉగాదికి కూడా అద్దింది. నేను పక్కనే ఉన్నాను. ఆకు వెనక్కే తిరిగి ఉండింది. ఇది గుర్తుపెట్టుకోండి.

సోమందేపల్లె, హిందూపురం మీదుగా బస్సులు మారి లేపాక్షి చేరినాము. గుళ్ళో ఒక గైడు మా వెంట పడినాడు. వేలాడే స్తంభం దగ్గర అందరూ కింద గుడ్డ దూర్చి అవతల లాగుతాండారు. అక్క కూడా కొంగు దూర్చి తీసి, నా వైపు చూసింది.

"ఏమప్పా పండితుడా, దీనికేం చెప్తావు?"

"ఒక మూల నేలకు ఆనుకొనే ఉండాది. కళ్ళు తెరిచి చూడు" అన్నాను.

గైడు మమ్మల్ని వెనక కప్పు లేని మండపంలోకి తీసుకుపోయినాడు. స్తంభాల నిండా తీగలు, హంసలు, పువ్వులు. మేము ధర్మవరం వాళ్ళమని తెలిసి, "మీ చీరలన్నీ ఈడ పుట్టినవే తాతా. మీ పెద్దోళ్ళు కాగితాలు తెచ్చి దించుకొని పోయినారు" అన్నాడు.

నాకు మండింది. "మా నాయన అంచు ఈడ యాడుందో చూపించు. చూపిస్తే ఈ మీసం తీసేస్తా" అన్నాను.

"అంత పని చేయద్దు తాతా, ఉండేదే నాలుగు వెంట్రుకలు" అని నవ్వినాడు.

అంతలో అవతలి స్తంభం దగ్గర నుంచి అక్క పిలిచింది. ఆ గొంతులో ఏదో తేడా ఉండింది. పోయి చూసినాను.

నాయన తీగ. అదే మెలిక, అదే మొగ్గ, మొగ్గ కింద అదే నూలుపోగంత గీత. అంటే నాయన ఇది చూసినాడా? బతికినన్నాళ్ళూ మాకు అబద్ధం చెప్పినాడా?

"మన చీరలో తప్పు కూడా ఈడుండాది రా" అంటూ అక్క వేలు జరిపింది. తీగ నడుమ ఒక ఆకు వెనక్కి తిరిగి ఉండింది.

గైడు తొంగి చూసి, "చూసినావా, తప్పుతో సహా దించుకున్నాడు మీ నాయన" అన్నాడు.

ఆ మాటతో నాకు ఒళ్ళు తెలియలేదు. అంచంటే చూసి నేసినాడనుకోవచ్చు. ఆ ఆకును ఎవరూ గీయలేదు. అది మా అమ్మ నొప్పి. రాతిలోకి ఎట్లొస్తుంది? ఈ మాటే గైడుతో అరిచి చెప్పినాను. చుట్టూ ఉన్న జనం ఫోన్లు దించి నన్ను చూసినారు. "రేపే చీర తెస్తా. పసుపు మరకతో సహా చూపిస్తా. అప్పుడు చెప్పు" అన్నాను.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరినాము. అక్క చేతులు కూడా కడుక్కోకుండా పెట్టె తెరిచింది. గుడ్డ మూట విప్పి, చీర మడతలు తీసింది. పసుపు మరక ఉన్నచోటే ఉండాది.

పక్కన ఆకు ముందుకు చూస్తాండాది.

నేను చీర మొత్తం పరిచి, రెండంచులూ ఈ కొస నుంచి ఆ కొసదాకా వేలితో తడుముతూ చూసినాను. ఒక్క ఆకు కూడా వెనక్కి తిరిగి లేదు. తిరగేసి వెనక పక్క చూసినాను. కోత లేదు, అతుకు లేదు, కొత్త జరీ పోగు లేదు. బతుకంతా నేసిన చేతులివి. ఎవరైనా విప్పి దిద్దింటే నాకు తెలీకుండా పోదు. పైగా పెట్టె తాళంచెవి అక్క మెడలోనే ఉంటుంది.

మాట ఇచ్చినాను కాబట్టి మరునాడు చీర తీసుకొని పోయినాము. రాతి పక్కన అంచు పట్టి చూపినాను. రాతిలో ఆకు వెనక్కి. చీరలో ముందుకు. తక్కినదంతా ఒక్కటే.

గైడు చాలాసేపు చూసినాడు. ఎగతాళి చేస్తాడనుకున్నాను, చేయలేదు. మర్యాదగానే అన్నాడు: "మీ నాయన పనిమంతుడు తాతా. రాతిలో తప్పును దిద్ది నేసినాడు."

నాయన మాట నిజమని చూపడానికి నాకుండిన సాక్ష్యం ఆ ఒక్క ఆకే. ఇప్పుడు ఆ చీరే నాయన మీద సాక్ష్యం చెప్తాండాది. మరక చూపిస్తే ఏం లాభం? పసుపు మరక ఏ చీరకైనా ఉంటుంది.

అక్క కొంగు ముడి విప్పింది. ఇంటి నుంచే తెచ్చుకున్నట్టుంది, చిటికెడు పసుపు తీసి రాతిలో ఆ ఆకు పక్కన అద్దింది.

"రాళ్ళకు పూయకూడదమ్మా" అన్నాడు గైడు.

"మాయమ్మకు పూస్తాండా" అంది అక్క.

వేపమండలు మేకకు వేసిన వాణ్ణి, ఆ పొద్దు అక్క చెయ్యి పట్టుకొని ఆపలేకపోయినాను. ఎన్ని విధాల ఆలోచించినా నాకు దారి దొరకలేదు. దయ్యాలున్నాయని ఇప్పటికీ ఒప్పుకోను. ఆకు ఎట్లా తిరిగిందో మాత్రం చెప్పలేను.