‘తప్పాయ’ అన్న పాపానికి

2008. కర్ణాటకలో మా చిక్కబళ్ళాపురం కోలారు నుంచి విడిపోయి సొంతంగా జిల్లా అయిన కొత్త. చింతామణిలో బస్టాండు వెనక వీధిలో నాకొక చిన్న ఆఫీసు ఉండేది. ఆఫీసంటే ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకు కంపెనీ క్యాలెండరు. నేను జనరల్ ఇన్సూరెన్స్ ఏజెంటును. అంటే ప్రాణాలకు కాదు, లారీలకు, అంగళ్ళకు, పట్టుపురుగుల షెడ్లకు బీమా చేయిస్తాను. ఈ తేడా మా వైపు ఎవరికీ తలకెక్కదు. “సచ్చినాక వచ్చేదా, బతికుండంగా వచ్చేదా?” అని అడిగేవాళ్ళు. “బతికుండంగానే వస్తాదప్పా, మా కంపెనీ బతకనిస్తే” అని నవ్వించేవాణ్ణి. ఆ సంవత్సరం తరువాత ఆ వేళాకోళం మానేశాను.

భారతమ్మ మా ఊళ్ళో కౌన్సెలరు. పుట్టింది కెంచార్లహళ్ళిలో. బెంగళూరులో సైకాలజీ చదివింది. భర్తకు చింతామణిలో బ్యాంకు ఉద్యోగం కావడంతో ఇక్కడికొచ్చి, ఒక మందుల షాపు మేడ మీద గది తీసుకుంది. మాత్రలు రాయదు, సూదులు వేయదు. ఎదురుగా కూర్చున్నవాళ్ళ చేత మాట్లాడించి, వాళ్ళ భయాన్నో దిగులునో ఎట్లా దాటాలో నేర్పిస్తుంది. మొదట్లో జనం ఆ మెట్లెక్కడానికే సిగ్గుపడి, కింద షాపులో తలనొప్పి బిళ్ళ కొన్నట్టు నటించి, అటూ ఇటూ చూసి ఎక్కేవాళ్ళు. పిచ్చి డాక్టరమ్మ అని పేరు కూడా పెట్టారు. ఆమె పట్టించుకోలేదు.

ఒకరోజు ఆమే నన్ను పిలిపించింది. “ఏమప్పా, డాక్టర్లకు ఉండే పాలసీ నాబోటోళ్ళకు ఉండాదా?”

ఉంది. దాన్ని ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ అంటారు. మన సలహా వల్ల నష్టం జరిగిందని ఎవరైనా మన మీద కేసు వేస్తే, లాయరు ఖర్చు, కోర్టు పరిహారం వేస్తే ఆ పరిహారం కంపెనీ భరిస్తుంది. బెంగళూరు ఆఫీసులో అండర్‌రైటర్లు, అంటే రిస్కు అంచనా కట్టి పాలసీ ఇవ్వాలా వద్దా తేల్చేవాళ్ళు, ఆమె కాగితాలు చూసి తల గోక్కున్నారు. డాక్టరా అన్నారు, కాదన్నాను. మందులిస్తుందా అన్నారు, ఇవ్వదన్నాను. మరేం చేస్తుందయ్యా అంటే, మాట్లాడుతుంది సార్ అన్నాను. మాట్లాడటానికి కూడా ఇన్సూరెన్సా అని అందరూ పడీ పడీ నవ్వారు. చివరికి ‘ఇతర వృత్తులు’ అనే గంపలో ఆమెను వేసి పాలసీ ఇచ్చారు.

కాగితం ఆమె చేతిలో పెట్టేటప్పుడు కండిషన్లన్నీ చదివి చెప్పాను. కంపెనీ అనుమతి లేకుండా బాధ్యత ఒప్పుకోకూడదనేది వాటిలో ఒకటి. అడ్మిషన్ ఆఫ్ లయబిలిటీ అంటారు. బండి తగిలినవాడికి నష్టమంతా నేనే కడతానని రోడ్డు మీదే మాటిచ్చేసి, తరువాత ఆ బిల్లు తెచ్చి కంపెనీ నెత్తిన పెట్టకూడదని ఈ నియమం. అందులో న్యాయం లేకపోలేదు. భారతమ్మ విని సరేనంది.

బాగేపల్లి గంగాధరప్ప ఆమె దగ్గరికి వచ్చింది ఆ తరువాతే. చీరల మూట కట్టుకుని సంత సంతకూ తిరిగి అమ్మే మనిషి. ఒకసారి అతడు ఎక్కిన బస్సు హైవే మీద బోల్తా పడింది. ఒంటికి దెబ్బ తగల్లేదు గాని, అప్పటినుంచి బస్సు హారన్ వింటే చాలు చెమటలు పట్టేవి. బస్సెక్కనివాడు మూటతో సంతకు ఎట్లా పోతాడు? చీరలు ఇంట్లో, మనిషి అరుగు మీద. అతని అన్న అశ్వత్థప్పే తన స్కూటరు మీద కూర్చోబెట్టుకుని చేలూరు మీదుగా చింతామణికి తీసుకొచ్చేవాడు.

భారతమ్మ చేసిన పని నాకు తరువాత తెలిసింది. ఎక్స్‌పోజర్ అంటారట. భయపడేదాన్ని కొంచెం కొంచెంగా దగ్గరికి తెచ్చుకోవడం. మొదట బస్టాండులో కూర్చుని బస్సుల్ని చూడటం. తరువాత ఆగి ఉన్న బస్సెక్కి సీట్లో కూర్చుని దిగిపోవడం. ఆ పైన ఒక్క స్టాపు దూరం పోయి రావడం. ఈ మూడో మెట్టులో అన్న తప్పకుండా పక్కన ఉండాలని ఇద్దరికీ చెప్పింది. సరేనని అన్నే తలాడించాడు.

తీరా ఆ రోజుకు అశ్వత్థప్ప చెనక్కాయలు, అంటే వేరుశనగ, మార్కెట్టుకు వేసుకుపోయాడు. గంగాధరప్ప ఆగలేదు. ఒక్కడే బస్సెక్కాడు. పక్క స్టాపులో దిగాడు. తిరుగు బస్సు కోసం హైవే దాటుతుండగా ఒక మోటార్ బైకు గుద్దింది. ఎడమకాలు విరిగింది.

సంగతి తెలిసిన వెంటనే భారతమ్మ చిక్కబళ్ళాపురం ఆసుపత్రికి బయలుదేరింది. నాకూ అక్కడ పనుండి ఒకే బస్సులో వెళ్ళాం. గంగాధరప్ప కాలు పైకి కట్టి ఉంది. భార్య రాగి గంజి తాగిస్తోంది. అన్న మంచం కాళ్ళ దగ్గర గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. భారతమ్మ దగ్గరికి పోయి అతని చెయ్యి పట్టుకుంది.

“తప్పాయప్పా గంగాధరప్పా. ఇట్లయితాదని అనుకోలేదు.”

“నీదేం తప్పుండాదమ్మా?” అన్నాడతను. నొప్పిలోనూ ముఖం వెలుగుతోంది. “నేను బస్సెక్కినానమ్మా! ఒక్కణ్ణే ఎక్కినా. కండక్టరు టికెట్టు కూడా కొట్టె.”

ఇక్కడ ఆ మాట గురించి చెప్పాలి. మా వైపు ‘తప్పాయ’ అనేది నేరం ఒప్పుకోవడం కాదు. కాలు తగిలితే తప్పాయ. పెండ్లికి పోలేకపోతే తప్పాయ. చావింటికి ఆలస్యంగా పోతే గడపలోనే తప్పాయమ్మా అంటాం. ఆ చావుకూ మనకూ ఏం సంబంధం? కన్నడలో తప్పాయ్తు అన్నా ఇంతే. నీకు కష్టం వచ్చింది, నా మనసు బాగాలేదు అని చెప్పడానికి మాకున్న మాట అది. దాన్ని అననివాణ్ణి మా ఊళ్ళలో మనిషి కింద లెక్కవెయ్యరు.

నెల తిరక్కుండా లాయరు నోటీసు వచ్చింది. పంపించింది అశ్వత్థప్ప, తమ్ముడి పేరు మీద. చదువు చాలని కౌన్సెలరు రోగిని ప్రమాదంలోకి తోసిందని, పరిహారం ఇవ్వాలని. మూడో పేరాలో ఉంది అసలు విషం: ‘ఆమె స్వయంగా ఆసుపత్రికి వచ్చి సాక్షుల ముందు తన దోషాన్ని అంగీకరించినది.’ తప్పాయ అన్నదాన్ని ఇంగ్లీషులోకి దింపేసరికి అది ఉరితాడు అయింది. ఆ లాయరూ మా వైపువాడే. తెలియక రాశాడనుకోవడానికి నేనంత అమాయకుణ్ణి కాదు.

నోటీసును కంపెనీకి పంపాను. ఇట్లాంటి రోజు కోసమే కదా పాలసీ! జవాబు వచ్చింది. కండిషన్ ఉల్లంఘించారు, బాధ్యత ఒప్పుకున్నారు, కాబట్టి కంపెనీ మీ తరఫున నిలబడదు. దీన్ని మా వృత్తిలో రిప్యూడియేషన్ అంటారు, అంటే క్లెయిమును తోసిపుచ్చడం. నాకు ఒళ్ళు మండిపోయింది. మాటకే పాలసీ ఇచ్చినవాళ్ళు ఒక్క మాట దగ్గర చేతులెత్తేశారు.

భారతమ్మ గదికి పోయి ఆ సంగతి చెప్పాను. అప్పటికే భర్త ఈ పని మానేసి ఇంట్లో ఉండమంటున్నాడట. నోటీసు సంగతి పాకి, రావలసినవాళ్ళు ఇద్దరు ముగ్గురు రావడం మానేశారట. మూడు తాలూకాల్లో ఇట్లాంటి గది అదొక్కటే. అది మూతపడితే ఆ మెట్లెక్కడానికి ధైర్యం చేసినవాళ్ళంతా మళ్ళీ ఎవరి చీకట్లో వాళ్ళు కూర్చోవాలి.

ఆమె ఏడవలేదు. నన్నే నిలదీసింది. “రేపు ఎవురన్నా ఈ కుర్చీలో కూచోని ఏడిస్తే నేనేం అనల్లప్పా? మీ కంపెనీని అడిగి చెప్పు. గోడ మాదిరి కూచోమంటారా?”

మరుసటి రోజే బెంగళూరు పోయాను. క్లెయిమ్స్ ఆఫీసరు నన్ను మధ్యాహ్నం దాకా బయట కూర్చోబెట్టి, భోజనం చేసి మూతి తుడుచుకుంటూ వచ్చాడు. “తప్పాయ్తు, తప్పాయ్తు, కూతుకొళ్ళి” అని కుర్చీ చూపించాడు.

నేను మొత్తం చెప్పాను. ఆయన వింటూ ఫైలు తిరగేశాడు. తరువాత నవ్వి, “కుంబళకాయి కళ్ళ అందరె హెగలు ముట్టి నోడికొండనంతె” అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడన్న మన సామెతే అది. తప్పు లేకపోతే ఆమె ఆ మాట ఎందుకంటుందని ఆయన భావం.

“సార్, నన్ను కూర్చోమంటూ మీరేమన్నారు?”

ఆయనకు గుర్తు లేదు.

“తప్పాయ్తు అన్నారు. రెండుసార్లు. మీరు బాధ్యత ఒప్పుకున్నారు, నేను సాక్షిని. పొద్దుట్నుంచి పోయిన నా పనికి పరిహారం ఇప్పించండి.”

ఆయన నవ్వు ఆగిపోయింది. “అదు బేరె, ఇదు బేరె” అన్నాడు. అది వేరట, ఇది వేరట. ఎట్లా వేరో చెప్పమన్నాను. రూల్ ఈజ్ రూల్ అని లేచిపోయాడు. తప్పాయ్తు అనే మాట అర్థం ఆయనకు నాకంటే బాగా తెలుసు. వాళ్ళమ్మ నేర్పిన మాటే కదా. తెలిసి తెలియనట్టు నటించినందుకే నాకు ఆయన మీద ఈరోజుకీ కోపం. తెలియనివాడికైతే చెప్పి ఒప్పించవచ్చు.

తిరిగి రాగానే బాగేపల్లి పోయాను. అశ్వత్థప్ప ఇంటి ముందు ఎండుతున్న కాయలు తిరగేస్తున్నాడు. మర్యాదలేమీ పెట్టుకోలేదు నేను.

“ఏమప్పా, ఆ పొద్దు నువ్వు యాడికి పోయింటివి?”

“మార్కెట్టుకు.”

“పక్కనే ఉండమని ఆయమ్మ నీకు చెప్పిందా, లేదా?”

“చెప్పింది.” తల ఎత్తలేదు. “వానొస్తే కాయలు తడుస్తాయని పోతి. ఊరంతా నన్నే అడుగుతాండారప్పా, అన్న ఉండీ ఇట్లెట్లాయ అని. నేనేం చెప్పల్ల?”

“అందుకని ఆయమ్మ నెత్తిన ఏస్తివా? ఆయమ్మ సంబంధం లేకున్నా తప్పాయ అనింది. నువ్వు తోడబుట్టినోనివి గదా, నీ తమ్మునికి ఒక్కసారన్నా ఆ మాట అంటివా?”

అతను మళ్ళీ కాయల మీదికి వంగాడు. లోపల మంచం మీదున్న గంగాధరప్పకు మా కేకలు వినబడుతూనే ఉన్నాయి. “ఏం నోటీసు? నా పేరుతో ఎవురు పంపించింది?” అని అడిగాడు. ఆసుపత్రిలో మందుల కాగితాలని చెప్పి అన్న సంతకం పెట్టించుకున్నాడట. అతనికి ఏమీ తెలియదు. నాకు అక్కడ ఇంక మాట్లాడబుద్ధి కాలేదు, వచ్చేశాను.

కట్టు విప్పిన కొన్నాళ్ళకు, ఒక మధ్యాహ్నం నేను భారతమ్మ గదిలో కూర్చుని, మన ఖర్చుతోనే లాయరును పెట్టుకుందామా అని మాట్లాడుతున్నాను. మెట్ల మీద కర్ర చప్పుడైంది. ఒక్కొక్క మెట్టుకూ ఆగి, మళ్ళీ ఎక్కి, గంగాధరప్ప గుమ్మంలో నిలబడ్డాడు. చొక్కా చెమటకు తడిసి ముద్దయింది.

భారతమ్మ లేచి అతని వెనక చూసింది. “అన్న యాడప్పా? స్కూటర్ కింద ఉండాదా?”

“స్కూటర్ లేదమ్మా. బస్సులో వస్తి. బాగేపల్లినుంచి ఇంత దూరమూ. హారన్ కొట్టినప్పుడల్లా నువ్వు చెప్పినట్ల ఊపిరి లెక్కపెట్టుకుంటి.” కర్ర గోడకానించి చేతులు జోడించాడు. “మా యన్న చేసినదానికి తప్పాయమ్మా.”

అప్పుడు ఏడ్చింది భారతమ్మ. ఆ నోటీసు తప్పు అన్నయ్యది, తమ్ముడిది కాదు. అయినా ఆ మాట అనడానికి కుంటుకుంటూ, తనను చంపే భయం మీద సవారీ చేసి వచ్చాడతను. బెంగళూరులో ఏసీ గదిలో కూర్చున్నవాడికి ఇది ఏ కండిషన్ కింద రాసి చూపించను?

ముగ్గురం ఆ సాయంత్రమే నోటీసు పంపిన లాయరు దగ్గరికి పోయాం. గంగాధరప్ప నోటీసు వెనక్కి తీసుకున్నాడు. కొన్ని నెలలకు మళ్ళీ చీరల మూట బస్సు టాపు మీదికి ఎక్కింది. అశ్వత్థప్ప ఆ తరువాత నాకు ఎదురుపడినా పక్క సందులోకి తిరిగిపోయేవాడు.

నేను కంపెనీకి జరిగినదంతా రాశాను. ఫైలు మూసేశామని ఒక్క వాక్యం వచ్చింది. రెన్యూవల్ సమయానికి మాత్రం, ఈ పాలసీదారు గతంలో కండిషన్ ఉల్లంఘించినట్టు గుర్తించాలని ఒక గమనిక అతికించి పంపారు. కేసే లేదు, ఉల్లంఘన మాత్రం మిగిలింది. ఆ కాగితం చూసి భారతమ్మ, “ఇంకో కంపెనీ చూడప్పా. యా కంపెనీ అయినా సరే, ఆ మాట మాత్రం నేను మానను” అంది. చూశాను. ఆమె గది ఇప్పటికీ నడుస్తోంది.

ఆ కేసు నాకు నేర్పింది ఇదే. అప్పటినుంచి డాక్టరుకైనా కౌన్సెలరుకైనా పాలసీ ఇచ్చేటప్పుడు ఆ కండిషన్ దగ్గర ఆగి, నష్టం కడతానని మాటివ్వద్దండి, సంతకం పెట్టొద్దండి, కానీ కష్టంలో ఉన్నవాళ్ళ దగ్గరికి పోయి తప్పాయ అనడం మానకండి, దానికోసం కొట్లాడే బాధ్యత నాది అని చెబుతున్నాను. కొట్లాడుతూనే ఉన్నాను. ఇన్నేళ్ళలో న్యాయమైన క్లెయిములు ఎన్నింటినో కంపెనీలు ఎగ్గొట్టడం చూశాను. వాటిలో ఏ ఒక్క కంపెనీ నోటా, ఒక్క మనిషికి, ఒక్కసారి తప్పాయ అన్న మాట నేను వినలేదు.