పూర్తిగా తిరిగే గ్రిప్పు

ఉదయం ఆరింటికి షిఫ్టు మొదలయ్యే గోడౌనులో, మొదటి బస్సు ఆరూ ఇరవై అయిదుకు గాని రాని ఊళ్ళో, ఉద్యోగం ఒప్పుకున్న తెలివైనదాన్ని నేను. మ్యూనిక్‌లో మాస్టర్స్ చదువుతూ వారానికి మూడు రోజులు కార్ల విడిభాగాలు సర్దే పని అది. నెల మొదటి నుంచి ఒక్క రోజు ఆలస్యమైనా కాంట్రాక్టు పొడిగించేది లేదని సూపర్‌వైజరు నవ్వుతూ చెప్పాడు. ఇక్కడ చేదు మాటలన్నీ నవ్వుతూనే చెబుతారు.

కాబట్టి బండి కావాలి. వరంగల్‌లో మూడొందల యాభై సీసీ బండి మీద కాలేజీకి వెళ్ళిన దాన్నే, కానీ ఆ అనుభవం ఈ దేశంలో చిత్తు కాగితం. ఇరవై నాలుగేళ్ళు నిండని వాళ్ళకు ఇచ్చేది ఏ2 లైసెన్సు. దాంతో ముప్పై అయిదు కిలోవాట్లు మించని బండే నడపాలి. అంతకన్నా బలమైన బండైతే ఇంజను జోరు తగ్గించే డ్రోసెల్ అనే చిన్న ముక్క బిగించి, ఆ సంగతి బండి కాగితంలో రాయించాలి.

తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ప్రకటన కనిపించింది. స్టుట్‌గార్ట్ పక్క ఊరు, ఏడేళ్ళ బండి, ముప్పై అయిదు కిలోవాట్లు, ‘మనోళ్ళకే ఇస్తా’ అని చివర్లో ఒక దండం బొమ్మ. ఆ దండానికే పడిపోయాను.

శనివారం ఏడింటికి మ్యూనిక్‌లో రైలెక్కాను. దేశమంతా మామూలు రైళ్ళకు చెల్లే నెల టికెట్టు ఉంది గనుక ఖర్చు లేదు, అందుకే సీటూ లేదు. తిరుగు ప్రయాణం బండి మీదేనన్న ధీమాతో హెల్మెట్టూ జాకెట్టూ మోసుకెళ్ళాను. ఆగ్స్‌బర్గ్‌లో సీటు దొరికితే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా. ఎదురుగా ఉన్న ముసలావిడ చాలాసేపు చూసి, “రైలు డ్రైవరు మీద నీకు అంత అపనమ్మకమా?” అని జర్మన్‌లో అడిగింది. ఆ రోజు నిజాయితీగా మాట్లాడిన మనిషి ఆవిడొక్కతే.

ఉల్మ్‌కు ఇరవై నిమిషాలు ఆలస్యంగా చేరాం. వెళ్ళాల్సిన రైలు మాత్రం టైముకే వెళ్ళిపోయింది. ప్లాట్‌ఫారం మీద మూడు యూరోల ఎండు బ్రెడ్డు తిని, గంట తర్వాత ఇంకో రైలు పట్టుకుని, స్టుట్‌గార్ట్‌లో ఎస్-బాన్ అనే లోకల్ రైల్లోకి మారి, పన్నెండుకు ఆ ఊళ్ళో దిగాను.

అమ్మే ఆయన పేరు శ్రీకాంత్. గుంటూరు వైపు మనిషి, ఏదో కార్ల సాఫ్ట్‌వేరులో పెద్ద ఉద్యోగం. చూడగానే, “ఒక్కదానివే వచ్చావేంటమ్మా? బండి చూట్టానికి అబ్బాయిల్నెవరినన్నా తెచ్చుకోవాల్సింది,” అన్నాడు. ఆయన భార్య లావణ్యగారు జీడిపప్పు దండిగా వేసి ఉప్మా పెట్టింది. ఆ ఉప్మా మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

గరాజులో బండి మెరిసిపోతోంది. కాగితంలో బలం చూశాను. ముప్పై అయిదే. ఇంజను ఆపి ఉండగానే యాక్సిలరేటరు గ్రిప్పు తిప్పాను. ఈ రకం డ్రోసెల్ ఉంటే గ్రిప్పు సగంలో ఆగిపోవాలని డ్రైవింగ్ స్కూలు మాస్టారు చేయి పట్టి మరీ చూపించాడు. ఇది ఆగలేదు. చివరిదాకా హాయిగా తిరిగింది.

“అన్నా, ఇది మొత్తం తిరుగుతున్నది గదా. డ్రోసెల్ ఏడున్నది?”

“అదేనమ్మా దీని స్పెషల్!” అని షెల్ఫ్‌లోంచి పాత ఆవకాయ సీసా తీశాడు. అందులో నట్లూ బోల్టుల మధ్య బొటనవేలంత ఇనప ముక్క. “కాగితంలో ముప్పై అయిదు, రోడ్డు మీద యాభై నాలుగు. పోలీసోడు కాగితమేగా చూసేది? వేరే వాళ్ళయితే దీనికి ఎక్స్‌ట్రా అడిగేవాళ్ళు.”

“దొరికితే అది లైసెన్సు లేకుండ నడిపినట్టే. కేసైతది. వచ్చే నెల నా వీసా పొడిగింపు అపాయింట్‌మెంట్ ఉన్నది.”

“ఇన్నేళ్ళలో నన్నెవరూ ఆపలేదమ్మా.”

“మీకు ఫుల్ లైసెన్సు ఉన్నదన్నా.”

ఆయన సీసాను మళ్ళీ షెల్ఫ్‌లో పెట్టేశాడు. ముక్క బిగించి, వర్క్‌షాపులో చూపించి ఇమ్మన్నాను. అంత తీరిక లేదన్నాడు. నిజం చెప్పాలి. సోమవారం షిఫ్టు గుర్తొచ్చి, రెండు నిమిషాల పాటు నేనూ ఆలోచించాను. మెల్లగా నడిపితే ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. ఇప్పటికీ సిగ్గుగా ఉంది. హెల్మెట్టు తీసుకుని బయటికొచ్చేశాను. “ఈ కాలం పిల్లలకి నమ్మకం లేదు లావణ్యా,” అని ఆయన భార్యతో అనడం గేటు దాకా వినిపించింది.

రెండింటికి ఎస్-బాన్. స్టుట్‌గార్ట్‌లో రైలెక్కి ఫోను తెరిస్తే, గ్రూపులో బండి మళ్ళీ పెట్టేశాడు, అదే దండంతో. కింద ‘ఇంకా ఉందా అన్నా?’ అని మా హాస్టల్లో ఉండే వంశీ. వాడికి ఇరవై రెండు, నాలాగే ఏ2 లైసెన్సు. గ్రిప్పు సంగతీ సీసా సంగతీ అంతా గ్రూపులో రాశాను. పావుగంటలో అడ్మిన్ నా మెసేజి తీసేసి, మనలో మనకు గొడవలు వద్దని ఇంకో దండం పెట్టాడు.

ఈ దారిలో రాబోయే వాళ్ళకు చెప్పేది ఒక్కటే. రంగు చూడొద్దు, ఊరు అడగొద్దు, ముందు ఇంజను ఆపి గ్రిప్పు తిప్పండి. పెట్టిన ఉప్మా తినండి.

ఉల్మ్ దాటాక వంశీ ఫోన్ చేశాడు. వాడొక్కడైనా చదివాడని ప్రాణం లేచొచ్చింది.

“అక్కా, తీసేసేలోపు చూసిన. మస్తు హెల్ప్ చేసినవ్.”

“వద్దురా ఆ బండి.”

“అది కాదక్కా. ఈ డ్రోసెల్ ముచ్చట ఎత్తితే, ఇంకో రెండొందలు తగ్గిస్తడంటవా?”