ఒకే చేతిరాత: రాజోలు దారిలో కొబ్బరితోట పాఠం

నాకు అనుమానం పుట్టుకతో వచ్చింది. పాలవాడి ఎదురుగానే పాలలో వేలు ముంచి చూసే రకాన్ని. అందుకే కాబోలు, ఎనభైల మొదట్లో రాజోలు దగ్గరి ఒక చిన్న బడి మీద అర్జీ వస్తే, విచారించి రమ్మని ద్రాక్షారామంలో మాస్టారుగా ఉన్న నన్ను పై ఆఫీసువాళ్ళు పంపారు. చెట్లెక్కి కొబ్బరికాయల దింపు తీసే ఏసేబు అనే ఆయన, పర్యావరణ పాఠం పేరు చెప్పి, వారానికోసారి పిల్లలను తోటకు తీసుకెళ్ళి ఊరికే పని చేయించుకుంటున్నాడని ఆ అర్జీ. నిజమేనని నేను రాస్తే ఆ పాఠం ఆగిపోతుంది. ఏసేబు మళ్ళీ బడి గడప తొక్కలేడు.

ముందే కబురు పెడితే అంతా సర్దేస్తారని, చెప్పకుండా బయలుదేరాను. ఉదయం ఆరింటి బస్సుకు కోటిపల్లి, పావలా ఇచ్చి పడవలో గోదావరి దాటి ముక్తేశ్వరం, అక్కడినుంచి అమలాపురం చేరేసరికి తొమ్మిదిన్నర. రాజోలు బస్సులో రూపాయిన్నర టిక్కెట్టు, దిగాక రిక్షా.

"బడికాండీ? ఇయ్యాల లచ్చివారం కదండీ, పిల్లలు బళ్ళో ఉండరండి. తోటలో ఉంటారు, ఆయ్," అన్నాడు రిక్షా అతను. దొరికారు దొంగలు, అనుకున్నాను.

నిజంగానే తోటలో ఇరవై మంది పిల్లలు పెంటపోగు తిరగేస్తున్నారు. నేను ద్రాక్షారామం మాస్టారినని, విచారణకు వచ్చానని చెప్పినా వాళ్ళ టీచరు గ్రేసమ్మగారు కంగారుపడలేదు. దాంతో నాకు ఇంకా అనుమానం వేసింది. రత్నకుమారి అనే అయిదో తరగతి పిల్లను పిలిచి, "ఎవరి తోటమ్మా ఇది? పని చేసినందుకు మీకేమిస్తారు?" అని గద్దించాను.

"రైతులు వంతులవారీగా తోటలు చూపిస్తారండి. కొబ్బరిచెట్టుని తొలిచేసే కొమ్ముపురుగు పిల్లలు ఈ పెంటలోనే పెరుగుతాయండి. ఇక్కడే ఏరేస్తే చెట్టుకి మందు కొట్టక్కర్లేదండి. మందు కొడితే కాలవలో చేపలు చచ్చిపోతాయండి," అంది గడగడా. బాగానే బట్టీ పట్టించారు, అనుకున్నాను.

పిల్లల రికార్డు పుస్తకం అడిగి తీసుకుని చివరి పేజీలు తిప్పాను. వారం వారం ఏ తోటలో ఎన్ని పురుగులో వివరంగా ఉంది. అయితే అంతా ఒకే చేతిరాత! "ఏమండీ టీచరుగారూ, ఇరవై మందికీ ఒకటే రాతా? ఇంట్లో కూర్చుని మీరే రాసేసేరా?" అన్నాను. ఆవిడ ముఖం మాడిపోయింది. "నాది కాదండి," అని మాత్రం అని చెట్టు పైకి చూశారు.

చెట్టు మీంచి ఏసేబు దిగాడు. నలభై దాటిన మనిషి. "ఆ రాత నాదండి," అన్నాడు తలవంచుకుని. "సెట్టు సంగతి ఆళ్ళకి నేను సెప్తానండి, అచ్చరాలు నాకు ఆళ్ళు సెప్తారండి. ఊళ్ళో నవ్వుతారని, ఎవరికీ సెప్పొద్దని టీచరుగారిని నేనే అడిగేనండి."

"మొదట్నించీ చూడండి మాస్టారూ! ముందు పేజీలు మేం చెయ్యి పట్టుకుని రాయించేమండి," అంది రత్నకుమారి.

తిప్పాను. మొదటి పేజీ మొత్తానికి నాలుగే అక్షరాలు, ఒక్కొక్కటీ కొబ్బరి పిందెంత. పేజీలు తిరిగేకొద్దీ అవి చిన్నవై, గీత మీదకు వచ్చి కూర్చున్నాయి. అయినా నా బుద్ధి ఎక్కడికి పోతుంది? "ఏదీ, నా ముందు రాయి," అన్నాను. చేతులు లుంగీకి తుడుచుకుని, కూడబలుక్కుంటూ రాశాడు: "ఈ రోజు తోటలో కనబడినవి. కొమ్ముపురుగులు ఆరు. ఉడత ఒకటి. ద్రాక్షారామం మాస్టారు ఒకరు." పిల్లలు కిసుక్కున నవ్వారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

అర్జీలో నిజం లేదని సాయంత్రం అమలాపురం బస్టాండులోనే రిపోర్టు రాసేశాను. ఆ పిల్లలు పని చేశారా అంటే చేశారు, ఆ పనే వాళ్ళ పాఠం. పై ఏడాది మా బడికి కూడా ఒక దింపు ఆయన్ని బతిమాలి తెచ్చుకున్నాను. అర్జీ పెట్టిందెవరో ఈనాటికీ తెలియదు గానీ, ఆ ఊళ్ళో పురుగుమందులు అమ్మే ఆయన మీద నాకు ఇంకా అనుమానమే. మీరెవరైనా ఇలా ఏదో ఒక బడి చూడ్డానికి వెళితే ఒక్కటి గుర్తుంచుకోండి: పిల్లల పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చూడండి.