తాళం వేసిన ఇంటి ముందు నాన్న గొంతు

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. బాపట్లలో పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. క్లాసులో ఎవరైనా అలాంటి మాట ఎత్తితే నవ్వి పారేసేదాన్ని. కాబట్టి ఇది రాయడం నాకే సిగ్గుగా ఉంది. కానీ జరిగింది మా ఇంట్లో.

నాన్న తెనాలిలో ఉంటూ చాలా ఏళ్ళు రేపల్లెలో బ్యాంకు ఉద్యోగం చేశారు. రోజూ రైల్లో వెళ్ళి వచ్చేవారు. ప్రమోషన్ ఇస్తే దూరం పంపిస్తారని వద్దనేశారు. అమ్మకు ఒంట్లో బాగోకపోతే అక్కకీ నాకూ ఆయనే జడలు వేసేవారు. ఎంత బిగించేవారంటే సాయంత్రం దాకా కళ్ళు పైకి లాగుతూనే ఉండేవి. రిటైరయ్యాక అమ్మ పక్కన కూర్చుని కూరలు తరగడమే ఆయన ఉద్యోగం. ఈ వేసవిలో ఒక మధ్యాహ్నం భోంచేసి పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు.

ఆయనకో అలవాటు ఉండేది. బ్యాంకులో స్ట్రాంగ్‌రూమ్ మూసేముందు "లోపలెవరైనా ఉన్నారా? తలుపేస్తున్నా" అని కేకేసేవారట. ఇంట్లోనూ అదే. సినిమాకి బయల్దేరి అందరం వీధిలో నిలబడ్డా సరే, ఖాళీ ఇంట్లోకి అరిచి, తాళం వేసి, గుంజి చూసేవారు. "ఉన్నాం నాన్నా, దొంగలం" అని అక్క ఏడిపించేది.

నాన్న పుట్టింది బాపట్లలో కాబట్టి పదో రోజు కర్మ సూర్యలంక సముద్రం దగ్గర పెట్టుకున్నాం. పొద్దున్నే ఒక వ్యాను, ఒక కారు వచ్చాయి. ఇలాంటి పనికి వెళ్ళేటప్పుడు ఎవర్నీ పేరు పెట్టి పిలవకూడదు, వెనక్కి తిరిగి చూడకూడదు అని మా మేనత్త గట్టిగా చెప్పింది. అందుకని అందరం నోరు మూసుకుని ఎక్కేశాం. నాన్న పోయిన చోట పెట్టిన దీపం ఆరకూడదు కనుక దాన్ని అలాగే వదిలి, బావ తాళం వేశాడు.

అక్క కూతురు లాస్యకి నాలుగేళ్ళు. పిల్ల కార్లో అమ్మ దగ్గర ఉందని వ్యానులో ఉన్న అక్క అనుకుంది. వ్యానులో అక్క ఒళ్ళో ఉందని కార్లో ఉన్న నేను అనుకున్నాను. మామూలు రోజైతే ఎవరో ఒకరు "లాస్యా" అని పిలిచేవాళ్ళం.

పొన్నూరు దాటాక ఫోన్ మోగింది. మా వీధి మొదట్లో బట్టలు ఇస్త్రీ చేసే సుబ్బారావు. "అమ్మాయిగారూ, తొందరగా వచ్చెయ్యండి. పాప లోపలుండిపోయిందండి. పొగొస్తుంటే తాళం పగలగొట్టి తీసుకొచ్చాం. ఏం కాలేదండి, బానే ఉంది."

కారు, వ్యాను రెండూ ఆపించాను. అక్కకు చెబితే రోడ్డు మీదే కూలబడింది.

వెనక్కి వెళ్ళి చూస్తే హాలంతా మసి. చుట్టాలకు పెట్టడానికి కొన్న కొత్త చీరలు, పంచెలు దీపం అంటుకుని సగం కాలిపోయాయి. వెనక గదిలో పరుపుల చాటున పడుకున్న లాస్యని తలుపు తీసినవాళ్ళే నిద్ర లేపారట.

పొగ ముందు చూసింది ఎదురింటి అమ్మాయి. నాన్న పోయాక ఆ ఇంట్లో అద్దెకు దిగింది. ఆయన్ని ఎన్నడూ చూడలేదు. లాస్యని భుజాన వేసుకుని చెప్పింది.

"వంట చేసుకుంటున్నానండి. మీ తాళం గుంజుతున్న చప్పుడు వినిపించింది. ఎవరో పెద్దాయన లోపలెవరైనా ఉన్నారా, లోపలెవరైనా ఉన్నారా అని ఒకటే అరుపు. ఏంటా అని బయటికొస్తే మనిషి లేడు. తలుపు కిందనుంచి పొగ వస్తోందండి. ఇంతకీ ఆయన ఎవరండి?"

అక్క నా చెయ్యి పట్టుకుంది.

మా వీధికి అవతలి చివర దారి లేదు. ఎవరు రావాలన్నా సుబ్బారావు బండి ముందునుంచే రావాలి. పొద్దుట్నుంచీ అక్కడే ఉన్నానని, పెద్దాయనెవరూ రాలేదని, ఆ అమ్మాయి కేకలు తప్ప తనకింకేమీ వినపడలేదని అతను ఒట్టేసి చెప్పాడు. పిల్ల ఏడుపు విని ఆ అమ్మాయి భ్రమపడిందేమో అనుకుందామంటే, పిల్ల ఏడవనే లేదు.

అందరం బిక్కచచ్చి నిలబడితే అమ్మ మాత్రం ఆ అమ్మాయి దగ్గరకు వెళ్ళింది. చివరి రెండేళ్ళూ నాన్న ఆయాసంతో ఎంత అవస్థ పడ్డారో అమ్మకే తెలుసు.

"గొంతు ఎలా ఉందమ్మా? ఆయాసపడుతున్నారా?" అని అడిగింది.

"లేదండి పిన్నిగారూ. గట్టిగా, ఖంగుమని ఉందండి."

అమ్మ అక్కడే గుమ్మం మీద కూర్చుని భోరుమని ఏడ్చింది.

ఆ గొంతు ఎవరిదో నేను చెప్పలేను. ఏదో ఒక కారణం ఉండే ఉంటుందని ఇప్పటికీ వెతుకుతున్నాను, దొరకలేదు. నాన్న పోయినప్పట్నుంచి మెతుకు సరిగ్గా ముట్టని అమ్మ మాత్రం ఆ రోజు అడిగి మరీ అన్నం పెట్టించుకుంది.