ష్ గారి కిటికీ కుర్చీ

ఆ లైబ్రేరియన్‌ను ఎవరూ పేరుతో పిలిచేవారు కాదు. ‘ష్ గారు’ అనేవారు. ఆయన ‘ష్’ అంటే పైన తిరిగే ఫ్యాను కిర్రుమనడం ఆపేసేదట, గోడ మీది బల్లి పురుగును చప్పుడు కాకుండా మింగేదట. బల్లి సంగతేమో గానీ, ఫ్యాను మాట నిజం.

భార్య పోయాక ఆ ‘ష్’ ఆయన లోపలికి కూడా వెళ్లి కూర్చుంది. ఏడవలేదు. వేళకు తిన్నారు, వేళకు తాళం తీశారు. ఆమె రోజూ మధ్యాహ్నం వచ్చి చదువుకునే కిటికీ పక్క కుర్చీలో మాత్రం ఒక అట్టముక్క పెట్టారు: ‘విరిగినది. కూర్చోరాదు.’ కుర్చీ నిక్షేపంలా ఉంది.

అంతలో పైఆఫీసు నుంచి కబురొచ్చింది. జనం రాని లైబ్రరీలను మూసేస్తారట. ఇన్‌స్టాలో ఫొటోలు పెట్టి జనాన్ని రప్పించుకోమన్నారు.

ష్ గారు పెట్టారు. హాలు ఊడిపించి, కుర్చీలు వరసగా సర్దించి, చదువుకుంటున్న నలుగురినీ బయట నిలబెట్టి మరీ తీశారు. పైఆఫీసు చూస్తుందంటే ఆయనకు తెలిసింది తనిఖీ పద్ధతే. ఫొటోల కింద జనం రాశారు: ‘అయ్యో, ఎప్పుడు మూసేశారు?’ ఆ నలుగురిలో ఇద్దరు కూడా రావడం మానేశారు.

క్యారేజీ తెచ్చిన మరదలు ఫోను చూసి నోరు నొక్కుకుంది.

"ఏంటి బావగారూ ఇది? దొంగలు పడ్డ ఇల్లులా ఉంది. మనుషులేరీ?"

"మనుషులు కదులుతారమ్మా. ఫొటో చెడిపోతుంది."

"అందుకేగా, అక్కది ఇక్కడ ఒక్క ఫొటో కూడా లేదు!"

ఆయనకు కోపం రాలేదు. మత్తిచ్చి పన్ను పీకుతున్నట్టుంది. ఏదో లాగుతున్నారని తెలుస్తోంది, నొప్పి మాత్రం లేదు.

"వెలుతురున్న చోట ఎవరినైనా కూర్చోబెట్టి తియ్యండి," అంది ఆమె.

హాలు మొత్తానికి వెలుతురున్నది కిటికీ దగ్గరే.

"అది విరిగింది."

"ఎవరికి చెప్తున్నారు? నిరుడు అందులో కూర్చునేగా నేను అక్కతో పోట్లాడింది!"

చాలాసేపటికి ఆయన అట్టముక్క తీసి సొరుగులో పడేశారు. ఇంకా వస్తున్న ఇద్దరిలో ఒకడు రిటైరైన బస్సు కండక్టరు. అతన్ని పిలిచి కూర్చోబెట్టారు. కండక్టరు జోకుల పుస్తకం తెరిచి, రెండో పేజీకే బస్సు ఆపేంత గట్టిగా నవ్వాడు. ష్ గారి పెదాలు అలవాటుగా ‘ష్’కి సిద్ధమయ్యాయి. ఈలోగా వేలు బటన్ నొక్కేసింది. ఫొటోలో కండక్టరు మొహం చెదిరిపోయింది, నోరొక్కటే స్పష్టంగా ఉంది.

"అలాగే పెట్టండి," అంది మరదలు.

మర్నాడు ఇద్దరు ఆడవాళ్లొచ్చి, "అంత నవ్వొచ్చే పుస్తకం ఏదండీ?" అని అడిగారు. తర్వాత ఇంకొందరొచ్చారు. కిటికీ కుర్చీలో ఎవరో ఒకరు కూర్చుంటూనే ఉన్నారు, ష్ గారు తీసి పెడుతూనే ఉన్నారు. తనిఖీకొచ్చిన అధికారికి కూర్చోవడానికి చోటు దొరకలేదు. ఈ ఏడాదికి మూసేది లేదని చెప్పి వెళ్లిపోయాడు. మరదలు పకోడీలు పంచింది. ష్ గారు ఒకటి తిన్నారు. రుచి తెలియలేదు.

ఆ మధ్యాహ్నం కండక్టరు టీకి వెళ్లినప్పుడు కుర్చీ ఖాళీ అయింది. ష్ గారు మొదటిసారి అందులో కూర్చున్నారు. ఇంకా వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం కండక్టరుదని ఆయనకు తెలుసు. అయినా లేవలేదు.