గాసి గ్యారంటీ

లంబసింగి నుంచి చింతపల్లికి జీపు తోలే గాసికి కొత్త సామాను కొనడమంటే ఓడిపోవడం కిందే లెక్క. డీజిలు ట్యాంకు కారితే బట్టల సబ్బు మెదిపి పూసేవాడు. బ్రేకు గొట్టం కారితే సైకిలు ట్యూబు ముక్క చుట్టి ఇనప తీగతో బిగించేవాడు. ఎవరైనా నసిగితే "నాది గ్యారంటీ" అనేవాడు. తొంభైల్లో ఆ దారిన ఇంకో బండి ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి కనుక, జనం ఆ గ్యారంటీ మీదే టాపు కూడా ఎక్కి కూర్చునేవారు.

ఒక సంత రోజు పొద్దున్నే గాసి జీపు నిండా జనంతో వెళుతుంటే, రోడ్డు పక్కన వలిసెలు కోసేసిన పొలంలో చిన్న విమానం ఒకటి దిగింది. దిగిందనడం మర్యాదకే. గెంతుకుంటూ వచ్చి గట్టు ముందర ఎలాగో ఆగింది. అందులోంచి దేవీప్రసాద్ అనే పెద్దాయన బయటికొచ్చాడు. విశాఖపట్నంలో రిటైరయ్యాక, తనకంటే వయసు మళ్లిన ఆ రెండు సీట్ల విమానాన్ని ముచ్చటపడి కొనుక్కున్నాడట. పెట్రోలు గొట్టం పగిలి గాల్లోనే ఇంజను ఆగిపోయింది.

"కిందటేడే మార్చమన్నారు. నడుస్తోంది కదా అని ఊరుకున్నాను," అన్నాడు.

ఆ మాటతో గాసికి తోడబుట్టినవాడు దొరికినంత సంబరమైంది.

"దీనికేటి బాబూ, బేగి సేసెత్తాను," అని సబ్బూ, ట్యూబూ, తీగా పట్టుకొచ్చాడు. జనం దిగి చుట్టూ మూగారు. కాసేపటికి ఇంజను దగ్గి, తిరిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. విమానం బాగుచేసినవాడని సంతంతా చెప్పుకుంటుందని గాసి అప్పుడే పొంగిపోయాడు.

"మళ్లీ గాల్లో ఆగదు కదా?" అన్నాడు దేవీప్రసాద్.

"గ్యారంటీ బాబూ. నా బండి బ్రేకుకీ ఇదే కట్టు."

"అయితే నా పక్క సీటు ఖాళీయే. ఎక్కు, ఓ చుట్టు తిరిగొద్దాం."

గాసి కింద లోయకేసి చూశాడు. ఆ సబ్బు ఎంత మెత్తనో అతనికి తెలిసినంతగా అక్కడ ఎవరికీ తెలియదు. కళ్లు తిరుగుతాయన్నాడు. కాలు బెణికిందన్నాడు. చివరికి జనానికి సంత ఆలీసమైపోద్దన్నాడు.

మిరియాలమ్మే నూకరత్నం తన బుట్ట జీపులోంచి దించుకుని దగ్గరికొచ్చింది.

"ఒరే గాసీ, మా బ్రేకుకి కట్టింది కూడా ఈ తీగేనేటి?"

"అదే అత్తా. కానీ..."

"దీన్లో నువ్వెక్కనంతన్నావు. దాన్లో మమ్మల్నెక్కించి ఘాటీ దించుతావా?"

గాసికి ప్రతి మలుపులోనూ వీళ్లందరూ తన వెనకాల కబుర్లు చెప్పుకుంటూ కూర్చున్న సంగతి గుర్తొచ్చి, నిజంగానే సిగ్గేసింది. ఎవరూ తిట్టలేదు. మూటలు దించుకుని నడక మొదలుపెట్టారు.

దేవీప్రసాద్ ఇంజను ఆపేశాడు. ఇంటికి ఫోను చేసుకోవాలి, చింతపల్లిలో దింపమన్నాడు. జీపు దాకా వెళ్లి, వంగి బ్రేకు కట్టు చూసి, నడుం పట్టుకుని లేచాడు.

"వద్దులే. మనమూ నడుద్దాం," అన్నాడు.

రెండు బళ్లనీ అక్కడే వదిలేసి, ఇద్దరు యజమానులూ జనం వెనక బయలుదేరారు. మొదటి మలుపులో నూకరత్నం వాళ్ల కోసం ఆగి ఉంది. బుట్ట ఎత్తి గాసి నెత్తిన పెట్టింది.

"సంత దాకా సేరుత్తానన్నావు. సేర్చు."

గాసి సంత దాకా మోశాడు.